రాతిపువ్వును మింగిందెవరు

"ఎవరూ మింగొద్దు. నోట్లో ఉన్నది నోట్లోనే ఉంచండి."

మైకులో ఆ మాట అన్నది నేనే. అప్పటికే ఆలస్యమైంది. విశ్వవిద్యాలయ భోజనశాలలో ముప్పాతిక మంది బిరియానీ పూర్తి చేసి పెరుగన్నంలోకి దిగిపోయారు. మిగిలినవాళ్లు బుగ్గలు ఉబ్బించుకుని నా వైపు గుడ్లప్పగించి చూశారు. మొదటి బల్ల దగ్గర వైస్ ఛాన్సలర్ ఆచార్య పరాంకుశం గారు కోడికాలు సగంలో ఆపి, ఇది కార్యక్రమంలో భాగమా కాదా అని ఆహ్వాన పత్రికలో వెతుకుతున్నారు.

తలుపు దగ్గర, తినడం ఆపించమని నాకు కేకేసిన వృక్షశాస్త్ర పరిశోధక విద్యార్థిని రెడ్డిరాణి నిలబడి ఉంది. చేతిలో మడతలు విప్పిన ఖాళీ కాగితం పొట్లం. వంటశాల చెత్తబుట్టలోంచి తీసినట్టుంది, దానికి ఉల్లిపొట్టు అంటుకుని ఉంది.

"దీంట్లో నా రాతిపువ్వు ఉండె సార్," అంది, వడ్డన గుండిగ వైపు చూస్తూ. "ఇప్పుడు దాంట్లో ఉంది. లోకంలో ఉండింది అదొక్కటే."

రాతిపువ్వు తెలియని తెలుగువాళ్లు ఉండరు. పేరు తెలియకపోయినా నాలుకకు తెలుసు. కొండరాళ్ల మీద బూడిదరంగు ఆకుల్లా అతుక్కుని పెరుగుతుంది. ఎండబెట్టి గరం మసాలాలో వేస్తారు. వంటవాడికి అది మసాలా, శాస్త్రజ్ఞుడికి లైకెన్. బూజు జాతికి చెందిన ఒక శిలీంధ్రం, నాచు జాతికి చెందిన ఒక శైవలం కలిసి చేసే కాపురం అది. శైవలం ఎండతో వంట చేసి పెడుతుంది. శిలీంధ్రం గోడా కప్పూ అయి కాపాడుతుంది. రెడ్డిరాణికి తుమ్మెదకొండ మీద దొరికింది అంతవరకు ఎవరి కంటా పడని జాతి.

ఆ రోజు మేం జరుపుకుంటున్నది సహజీవన దినోత్సవం. సహజీవనానికి అంతకన్నా మంచి ఉదాహరణ లేని ప్రాణిని, సహజీవన దినోత్సవం విందులో, సహజీవన సిద్ధాంతం ప్రకారమే మింగేశాం. అంతా పద్ధతిగానే జరిగింది. నిమిషాలవారీ కార్యక్రమం తయారుచేసింది నేనే.

ఇక్కడిదాకా ఎలా వచ్చామో చెప్పాలి.

వేసవి సెలవులకు ముందు పరాంకుశం గారు ఏదో సదస్సుకు వెళ్లారు. అక్కడ ఒక మహిళా జీవశాస్త్రవేత్త సిద్ధాంతం మీద ఉపన్యాసం విన్నారు. ఎప్పుడో, భూమ్మీద సూక్ష్మజీవులు తప్ప ఇంకేమీ లేని కాలంలో, ఒక జీవి ఇంకో జీవిని మింగిందట. మింగినది అరిగించుకోవాలి కదా, అరగలేదు. మింగబడినది చావాలి కదా, చావలేదు. రెండూ రాజీపడి కలిసి ఉండిపోయాయి. మన ఒంట్లోని కణాలు ఆ రాజీ సంతానమే. మనం వేలు కదపాలన్నా, ఆ మింగబడిన జీవి వారసులు లోపల కూర్చుని శక్తి తయారుచేసి ఇస్తేనే కుదురుతుంది. పరిణామమంటే కొట్టుకు చావడం ఒక్కటే కాదు, కలిసిపోవడం కూడా అని ఆమె వాదించింది. మొదట్లో ఆ వ్యాసాన్ని పత్రిక మీద పత్రిక తిప్పి పంపిందట.

పరాంకుశం గారు ఉపన్యాసం మొత్తంలో ఈ చివరి ముక్కను గట్టిగా పట్టుకున్నారు. పదిమందీ కాదన్నారంటే అది నిజమనడానికి అదే రుజువు. ఆ లెక్కన మా విశ్వవిద్యాలయంలో ఆయన పలికినన్ని నిజాలు ఇంకెవరూ పలికి ఉండరు.

తిరిగి రాగానే నన్ను పిలిచారు. "ఏఆర్ గారూ, విశ్వవిద్యాలయం కూడా ఒక కణమే. మన విభాగాలు పరస్పరం మింగుకొనవలెను, కాని జీర్ణించుకొనరాదు." నేను ఆ వాక్యాన్ని ఫ్లెక్సీ వేయించి మూడు గేట్లకూ కట్టించాను. అసిస్టెంట్ రిజిస్ట్రార్‌గా ఏళ్ల తరబడి ఒకే కుర్చీలో కూర్చున్నవాడికి కొత్త సిద్ధాంతం అంటే కొత్త కుర్చీ అని అర్థం. నన్ను సహజీవన సమన్వయాధికారిని చేశారు. డిప్యూటీ రిజిస్ట్రార్ పదవి ఖాళీగా ఉందని కూడా అదే నోటితో అన్నారు.

'సిబ్బంది అందరూ సహజీవనం చేయవలెను' అని నేనిచ్చిన మొదటి ఉత్తర్వు కొంత గందరగోళం తెచ్చింది. మర్నాడు గేటు దగ్గర కొందరు భార్యలు, ఇద్దరు మామగార్లు వచ్చి నిలబడ్డారు. వివరణ ఇచ్చి పంపేశాం.

ఇక మింగుడు మొదలైంది. తత్వశాస్త్ర విభాగాన్ని బోరుబావుల విభాగం మింగింది. మోటారు ఎందుకు ఆగింది అనే ప్రశ్నకు ఇప్పుడు అద్వైతం ప్రకారం ఒకటి, ద్వైతం ప్రకారం ఒకటి సమాధానాలు వస్తున్నాయి, నీళ్లే రావడం లేదు. గణాంకశాస్త్రాన్ని తోటల విభాగం మింగింది. చెట్టుకు సగటున ఎన్ని ఆకులు రాలాయో తెలుస్తోంది, ఊడ్చేవాళ్లు లేరు. వృక్షశాస్త్రం వారి హెర్బేరియాన్ని, అంటే ఎండబెట్టిన మొక్కలు దాచే గదిని, క్యాంటీన్ మింగింది. హెర్బేరియం కప్పు కారుతోంది, క్యాంటీన్ స్టోరు పొడిగా ఉంటుంది. ఇంత చక్కటి జత నాకు తప్ప ఎవరికీ తట్టలేదు.

మనుషులకూ జతలు వేశాం. హెర్బేరియం అటెండరు గంగులప్పకు క్యాంటీన్ వంటమాస్టరు దస్తగిరితో జత. నాకు సాక్షాత్తూ వైస్ ఛాన్సలర్‌తో జత. ఆయన కణం, నేను లోపలి శక్తి కేంద్రం. కారు తలుపు తీయడం, ఫైలు మోయడం, చప్పట్లు మొదలుపెట్టడం, ఇలా ఆయన కదలడానికి కావలసిన శక్తి అంతా నేనే అందించాలి. జతలో ఒకరు చేసినది ఇద్దరూ చేసినట్టే లెక్క. మెచ్చుకున్నా, మెమో ఇచ్చినా జతకే. విధుల్లో 'నేను' అనడం నిషేధం, 'మేము' అనాలి.

రెడ్డిరాణి పొట్లం పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డది ఇంత అభివృద్ధి జరిగాక.

*

పరాంకుశం గారు చెయ్యి కడుక్కుని వచ్చి అక్కడికక్కడే అత్యవసర సమావేశం పెట్టారు.

"నష్టం అన్న పదం ఎవరూ వాడరాదు," అన్నారు. "నమూనా నశించలేదు. అంతర్లీనమైనది. ఇప్పటివరకు మన హెర్బేరియం ఒక బీరువా. నేటి నుండి అది ఒక సజీవ సముదాయం."

అర్థం కావడానికి నాకు కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక చప్పట్లు మొదలుపెట్టాను.

సాయంత్రానికల్లా బిరియానీ తిన్న ప్రతి ఉద్యోగి మెడలో నమూనా సంఖ్య ఉన్న రేకుబిళ్ల వేలాడదీశాం. మారు వడ్డించుకున్నవాళ్లను ముఖ్య నమూనాలుగా వర్గీకరించాం. పురుగు పట్టకుండా తలా రెండు కలరా ఉండలు జేబులో వేసుకోమని ఇచ్చాం. జీర్ణించుకోవడం విధాన విరుద్ధం కాబట్టి ఆవరణలో సోడా, వాము, జీలకర్ర నీళ్లు నిషేధించాం. గేటు బయట గోలీసోడా బండివాణ్ని సెక్యూరిటీవాళ్లు రోడ్డు మలుపుదాకా తరిమారు. నమూనా ఆవరణ దాటాలంటే అరువు చీటీ ఉండాలి కనుక, ఇంటికి తీసుకువెళ్లడానికి వచ్చిన భార్యలు 'యథాస్థితిలో తిరిగి అప్పగించగలము' అని సంతకాలు పెట్టారు. అకౌంట్స్ సెక్షన్ సూపరింటెండెంటు భార్య మాత్రం, యథాస్థితి అంటే ఏమిటో ముందు చూపించండి, ఇంట్లో ఉన్నప్పుడు కూడా ఆయన స్థితి నాకు తెలియదు అంది. పులిహోర తిన్న శాకాహార ఉద్యోగులు తమను సజీవ సముదాయం నుంచి వెలివేశారని వినతిపత్రం ఇచ్చారు.

మర్నాడు పొద్దున రెడ్డిరాణి నా గదికి వచ్చింది. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"బిళ్లలు బాగుండాయి సార్," అంది. "నాక్కావాల్సింది ఇంకొకటి."

ఆమె చెప్పింది ఇదీ. తుమ్మెదకొండకు మళ్లీ పోయి తెచ్చుకుందామంటే తుమ్మెదకొండ లేదు. గ్రానైటు క్వారీవాళ్లు ఆ బండను కోసి పట్టుకుపోయారు. ఎవరింటి ముందో మెట్లయి ఉంటుంది. అయితే వేలిగోరంత ముక్క ఒకటి ఆమె ముందే ఉత్తరాది హెర్బేరియానికి పోల్చి చూడమని పంపింది. ఆ ముక్కనే కొత్త జాతి పేరుకు ఆధారమయ్యే మూల నమూనాగా అంగీకరించడానికి వాళ్లు సిద్ధం. కానీ అసలు నమూనా నిజంగా ఉండేదని, ఫలానా వ్యక్తి చర్య వల్ల పోయిందని విశ్వవిద్యాలయం పేరుతో సహా ధ్రువీకరించాలి. పేరు లేకపోతే ఆ అమ్మాయి అబద్ధమాడిందనుకుంటారు. మా నిబంధనలు అంతకన్నా కఠినం. బాధ్యుడెవరో తేలకపోతే నమూనా పోగొట్టినది పరిశోధకురాలే అవుతుంది, రిజిస్ట్రేషన్ రద్దవుతుంది.

"ఇన్నేండ్ల పని పోతే పోనీ అనుకుంటా సార్. ఇంకో ఉద్యోగం చూసుకుంటా," అంది. "ఆ జాతికి తుమ్మెదకొండ పేరు పెట్టినాను. కొండ ఎట్లా మిగల్లేదు. పేరన్నా మిగలనీండి."

మీరే విచారణాధికారి అట కదా అని కూడా అంది. నిజమే. సంగతి తేల్చమని పరాంకుశం గారు తెల్లవారకముందే నాకు ఫోన్‌లో పురమాయించారు. దోషిని పట్టుకుని తీరతానని రెడ్డిరాణికి మాట ఇచ్చాను. నాకు విచారణలంటే ఇష్టం. పరీక్షల విభాగంలో ఉన్నప్పుడు కాపీ కొట్టినవాణ్ని చెమట వాసనతో పట్టిన పేరు నాకుంది. తర్వాత అది ఫ్యాను తిరగని గది అని తేలింది, అది వేరే సంగతి.

*

గంగులప్పనూ దస్తగిరినీ ఒకేసారి పిలిపించాను. జత వాంగ్మూలం ఉమ్మడిగా తీసుకోవాలని నిబంధన. ఇద్దరూ ఒకే కుర్చీలో చెరో సగం మీద కూర్చున్నారు. జతకు ఒక కుర్చీ అన్నది కూడా నేను పెట్టిందే.

లైటు వాళ్ల ముఖాల మీద పడేట్టు తిప్పి, నేను చీకట్లో కూర్చుని, గుండిగలో రాతిపువ్వు వేసినదెవరని అడిగాను.

"మేమే సార్," అన్నాడు గంగులప్ప.

"ఎవరి చేత్తో?"

"మా చేత్తో," అన్నాడు దస్తగిరి. "ఎందుకు సార్ లైటు? మీరూ తినినారు గదా. మసాలా ఎట్ల పట్టిందో చూసినారు గదా. ముప్పై ఏండ్ల సర్వీసులో అంత వాసన నేనెప్పుడూ..."

"మేము," అన్నాను.

"మేమెప్పుడూ చూడలేదు సార్. నీ వల్లే గంగులన్నా ఇదంతా. ఆ బీరువాలో అంత సరుకు పెట్టుకోని ఇన్నాళ్లూ గమ్ముగుండావు."

"నువ్వు నోరు మూసుకో. అది తినే సరుకు కాదు."

"తినే సరుకు కాకపోతే అందరూ మారు ఎందుకడిగిరి?"

గంగులప్ప కుర్చీలో తన సగం నుంచి కాస్త జరిగాడు. దస్తగిరి పడబోయి నిలదొక్కుకున్నాడు. హెర్బేరియం పొట్లం క్యాంటీన్ మసాలా డబ్బాలోకి ఎలా వెళ్లిందని నేను గొంతు పెంచాను. గంగులప్ప నేల వైపు చూశాడు.

"ఫోను వచ్చింది సార్. రాతిపువ్వు రెండు చోట్ల ఎందుకుండాది, ఒకే సరుకు రెండు చోట్ల ఉండకూడదు, కొంచెం ఉన్నది జాస్తి ఉన్నదాంట్లో పోసేయమనిరి. దానిమీద పాప రాసిన పేరుండాదని మేము చెప్తిమి. పేరు చించేయ్, మింగబడినది సొంత గుర్తులు వదులుకోవల్ల, అదే సైన్సు అనిరి."

ఆ వాక్యం నాకు చాలా నచ్చింది. ఎవరో చదువుకున్నవాడే అన్నాడనుకున్నాను. మింగబడిన సూక్ష్మజీవులు తమ జన్యువుల్లో చాలావాటిని పెద్ద కణానికి అప్పగించేశాయని ఉపన్యాసం నోట్సులో ఉంది. అంత లోతుగా ఆ నోట్సు చదివినవాళ్లు మా ఆవరణలో ఎవరున్నారు?

ఆలోచించాను. వైస్ ఛాన్సలర్ చదవలేదు, విన్నారంతే. నోట్సు రాసింది నేను.

వెంటనే నాకు చాలా దాహం వేసింది. ఆ వారం స్టాకు కలపమని నేను చేసిన ఫోన్లకు లెక్కలేదు. సుద్దముక్కలు, ఫినాయిలు, గోనెసంచులు, వాటి మధ్యలో ఎక్కడో రాతిపువ్వు. విచారణ టీ కోసం వాయిదా వేస్తున్నానన్నాను. లైటు నా వైపు తిరిగి ఉన్నట్టనిపించి ఆర్పేశాను.

"ఫోను చేసింది ఎవరో చెప్పమంటారా సార్?" అన్నాడు గంగులప్ప.

"అవసరం వచ్చినప్పుడు అడుగుతాం," అన్నాను. మేము అనే మాటలో ఎంత నీడ ఉందో అప్పుడు తెలిసింది.

*

ఆ తర్వాత నా విచారణ వేగం అందుకుంది, దోషి నుంచి దూరంగా.

మొదట కోతులను అనుమానించాను. కోతులకు ఫోను లేదని రెడ్డిరాణి గుర్తుచేసింది. తర్వాత నేరాన్ని తిరిగి నటింపజేయాలని ఆదేశించాను. అంటే మళ్లీ బిరియానీ వండాలి. దస్తగిరి ఉత్సాహంగా వండాడు. సాక్షులుగా విశ్వవిద్యాలయం మొత్తం వరుస కట్టింది, శాకాహార సంఘం అధ్యక్షుడితో సహా. తిన్నాక ఎవరికీ ఏమీ గుర్తు రాలేదు. ఆ మీదట లైకెన్ రెండు ప్రాణుల జంట కాబట్టి, వాటిలో ఒకటి రెండోదాన్ని వదిలేసి వెళ్లిపోయి ఉండవచ్చని, ఇది కుటుంబ కలహమని మధ్యంతర నివేదిక రాశాను. పరాంకుశం గారు దాన్ని అద్భుతమన్నారు. రెడ్డిరాణి ఆ కాగితం చదివి, మడిచి, నా బల్ల మీదే పెట్టి వెళ్లింది. ఏమీ అనలేదు. ఏదైనా అని ఉంటే బాగుండేది. క్రమశిక్షణ చర్య తీసుకునేవాణ్ని.

అసలు చిక్కు వేరే ఉంది. పేరు బయటికొస్తే నా ఒక్కడి పేరే రాదు. జతలో ఒకరు చేసినది ఇద్దరూ చేసినట్టే. నన్ను దోషి అంటే వైస్ ఛాన్సలర్‌ను దోషి అన్నట్టే. అలాంటి నివేదిక ఎవరూ ఒప్పుకోరు. కాబట్టి నిజం చెప్పినా లాభం లేదని, లాభం లేనప్పుడు చెప్పకపోవడమే విధాన సమ్మతమని నాకు నేనే ఒక నోట్ పెట్టుకుని, నేనే ఆమోదించుకున్నాను. డిప్యూటీ రిజిస్ట్రార్ ఎంపిక ఆ నెలాఖరున ఉంది.

*

తుది విచారణ సెనేట్ హాలులో బహిరంగంగా జరిగింది. రేకుబిళ్లలు వేసుకున్న సజీవ సముదాయమంతా వచ్చింది. హాలు నిండా కలరా ఉండల వాసన. పరాంకుశం గారు వేదిక మధ్యలో, నేను ఆయన పక్కన, ముందు మైకు.

ఆయన తీర్మానం సిద్ధంగా తెచ్చుకున్నారు. "సదరు నమూనా విషయమై బాధ్యత సమష్టిది. సమష్టిలో వ్యక్తి లేడు. వ్యక్తి లేనందున పేరు లేదు. పేరు లేనందున నిబంధన ప్రకారం పరిశోధకురాలి రిజిస్ట్రేషన్..." అంటూ రెడ్డిరాణి వైపు చూసి, "ఏమైనా చెప్పుకునేది ఉన్నదా?" అని అడిగారు.

ఆమె లేచింది. "ఒక్క సంగతి సార్. లైకెన్‌లో ఇద్దరుంటారు. శిలీంధ్రం, శైవలం. మరి లైకెన్‌కు శాస్త్రీయనామం పెట్టేటప్పుడు ఎవరి పేరు పెడతారో తెలుసా సార్?"

"జంట పేరు," అన్నారు పరాంకుశం గారు.

"కాదు సార్. ఇద్దరున్నా ఆ పేరు ఒకరిదే. శిలీంధ్రానిది. శైవలానికి దాని పేరు దానికి వేరే ఉంటుంది. ప్రపంచమంతా ఇదే నియమం. కలిసి బతకడం అంటే ఎవరు ఏం చేసినారో తెలీకుండా పోవడం కాదు సార్. ఇద్దరి పనీ వేరువేరుగా తెలిసింది కాబట్టే కలిసి బతుకుతున్నారని కనుక్కున్నారు."

హాలులో గుసగుస లేచింది. పరాంకుశం గారికి అంతర్జాతీయ నియమం అంటే గౌరవం. జంటల్లో శిలీంధ్రాన్ని గుర్తించడం ఎలా అని అడిగారు.

"పైకి కనపడేది అదే సార్. వెడల్పుగా పరుచుకుంటుంది. పట్టుకున్న చోటు వదలదు. తన తిండి తాను చేసుకోలేదు. లోపలున్నది చేసి పెడితే తింటుంది."

హాలులోని తలలన్నీ ఒక్కసారిగా వేదిక మధ్యకు తిరిగాయి. నేను కూడా తిప్పాను. కారు తలుపు, ఫైళ్లు, చప్పట్లు అన్నీ గుర్తొచ్చాయి. మా జతలో శిలీంధ్రం ఎవరో చెప్పడానికి సూక్ష్మదర్శిని అక్కర్లేదు. ఫోను నేను చేసినా పేరు ఆయనదే పడుతుంది. నా ఉద్యోగ జీవితంలో మొదటిసారి సైన్సు మీద భక్తి కలిగింది.

పరాంకుశం గారు మంచినీళ్లు తాగారు. కళ్లద్దాలు తుడుచుకున్నారు. విశ్వవిద్యాలయ చరిత్రలో అంత వేగంగా ఏ నిర్ణయమూ జరిగి ఉండదు.

"సహజీవన విధానం దాని లక్ష్యాలను పూర్తిగా సాధించినందున," అన్నారు, "ఈ క్షణం నుండి ఉపసంహరించుకొనుచున్నాను. జతలు రద్దు. గత ప్రభావంతో, అనగా జతలు వేసిన దినము నుండియే రద్దు."

అలవాటు కొద్దీ చప్పట్లు మొదలుపెట్టాను. రెండో చరుపుకే నా చేతులు ఆగిపోయాయి. నా పక్క కుర్చీ నాకు జానెడు దూరం జరిగింది.

"ఇప్పుడు చెప్పన్నా," అంది రెడ్డిరాణి, గంగులప్ప వైపు తిరిగి.

గంగులప్ప ముందుకొచ్చాడు. మెడలోని బిళ్ల తీసి బల్ల మీద పెట్టాడు. "నేను," అని ఆగాడు. ఆ మాట నోట్లో తిరగడానికి కొంచెం టైం పట్టింది. "నేను పోసినా సార్, పాప పొట్లం మసాలా డబ్బాలో. దస్తగిరికి తెలీదు. వాడు ఉత్త వంటోడు. పోయమని ఫోను చేసింది ఏఆర్ సారు."

మా దగ్గర వాంగ్మూలానికి ఒక పద్ధతి ఉంది. విచారణాధికారి దాన్ని తన చేత్తో రాయాలి, సాక్షికి చదివి వినిపించాలి, సాక్షి సరే అనాలి. అప్పుడే చెల్లుతుంది. నేను కలం తీసి 'ఏఆర్ సారు' అని రాసుకున్నాను. రాసి ఊపిరి పీల్చుకున్నాను. మా విశ్వవిద్యాలయంలో ఏఆర్‌లు చాలామంది.

రెడ్డిరాణికీ అదే తట్టింది. "పేరు చెప్పన్నా. ఉత్త ఏఆర్ అంటే ఒప్పుకోరు వాళ్లు."

గంగులప్ప ఇబ్బందిగా నవ్వాడు. "పెద్దసార్లను పేరు పెట్టి ఎట్ల పిలుస్తామమ్మా. అయినా సారు పేరు నాకు యాడ తెలుసు? ఏఆర్ సారు అంటాము గదా ఎప్పుడూ."

ఆమె దస్తగిరి వైపు చూసింది. వాడూ తల అడ్డంగా ఊపాడు. హాలంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సూపరింటెండెంట్లు, ఆచార్యులు, నా సెక్షన్ గుమస్తాలు. పరాంకుశం గారు నోరు తెరిచి, వెతికి, మూసుకున్నారు. ఇన్నేళ్ల సర్వీసులో నా పేరు అవసరమైనవాళ్లు ఆ హాలులో ఒక్కరూ లేరు. ఎవరి గుర్తులు ఎవరు చించేశారో నాకు ఒక్క క్షణం తికమకైంది.

రెడ్డిరాణి నా ముందున్న కాగితం వైపు చూసింది. "మీరే రాయాల సార్," అంది. బతిమాలలేదు, బెదిరించలేదు. "ఒక్క పేరే కదా."

దీన్ని త్యాగం అనుకోకండి. పారిపోదామని తలుపు వైపు చూశాను. అక్కడ సెక్యూరిటీవాళ్లు అరువు చీటీల కోసం నిలబడి ఉన్నారు, వాళ్లకింకా విధానం రద్దయిన సంగతి అందలేదు. తల వాల్చి పడిపోదామనుకున్నాను. నా వెనక కుర్చీలో ఎవరూ లేరు, పట్టుకునేవాళ్లు లేరు. కాగితం మీద 'ఏఆర్ సారు' అన్నదాని పక్కన చాలా ఖాళీ స్థలం ఉంది. కొండ మీద ఏళ్ల తరబడి గోరంత పెరిగిన ప్రాణిని పొట్లంలోంచి డబ్బాలోకి వంపమని చెప్పడానికి నాకు ఫోన్‌లో పట్టినంత సేపే, ఇది రాయడానికీ పట్టింది.

రాసి, నిలబడి, సాక్షికి చదివి వినిపించాను. కాస్త తగ్గు స్వరంలో.

"వినపడలేదు," అన్నారు వైస్ ఛాన్సలర్, వినపడనంత దూరం జరిగి ఉన్నందువల్ల.

"వెనక వరుసకు రాలేదు సార్," అన్నాడు దస్తగిరి.

మైకు దగ్గరికి లాక్కున్నాను. అది కీచుమంది. రెడ్డిరాణి పెన్ను తెరిచి చేతి మీదే రాసుకోవడానికి సిద్ధంగా నిలబడింది. ఒక్కో అక్షరం విడివిడిగా వినపడేట్టు చదివాను.

"తుమ్మెదకొండ రాతిపువ్వును పేరు చించి మసాలా డబ్బాలో పోయించిన వ్యక్తి, బండారుపల్లి చెంగల్రాయుడు."

"సరే సార్," అన్నాడు గంగులప్ప.